బంగాళాదుంప ముద్దలో కూరగాయలు – ఒక వంటకం చరిత్ర

ఉడికించిన బంగాళాదుంపలను మెత్తగా మెదిపి, పాలు, వెన్న, ఉప్పు కలిపి చేసే ముద్ద పాశ్చాత్య దేశాల భోజనంలో చిరకాలంగా ఉన్న ఆదరువు. మన ఇండ్లలో అన్నం పక్కన పప్పుకు ఎట్టి స్థానమున్నదో, ఆ దేశాలలో మాంసం పక్కన ఈ దుంపముద్దకు దాదాపు అట్టి స్థానమే కలదు. అయితే ఇటీవలి కాలంలో ఆహార నిపుణులు దీనికొక మార్పు సూచిస్తున్నారు. దుంపలలో సగం తగ్గించి, ఆ సగానికి బదులు కాలీఫ్లవరుగాని, క్యారెట్టుగాని, క్యాబేజీగాని ఉడికించి మెదిపి కలిపితే ముద్ద తేలికగా ఉంటుందని, శరీరం లావెక్కకుండా ఉంటుందని వారు చెప్పుతున్నారు. ఇది ఈ తరంవారు కనిపెట్టిన కొత్త పద్ధతి అని చాలమంది అనుకొంటారు.

నిజానికి ఇది కొత్తది కాదు. బంగాళాదుంపలో క్యాబేజీ కలిపి మెదిపిన ముద్దను 1735 నాటికే ఐర్లండులో పండుగ వంటగా తింటున్నట్లు వ్రాతపూర్వకమైన సాక్ష్యం కలదు. ఆనాటివారు కూరగాయలను కలిపింది సన్నబడడానికి కాదు. వెన్న లేక, మాంసం లేక, భూమి లేక కలిపినారు. లేమి నేర్పిన ఆ వంటనే నేడు సమృద్ధిలో ఉన్నవారు ఆరోగ్యం కోసం వెదకి తెచ్చుకొంటున్నారు. ఈ మార్పు ఎట్లా జరిగినది, ఆ కుండలో ఉన్న శాస్త్రమేమిటి అన్నది తెలిసికొనదగిన విషయం.

దుంప చేసిన ప్రయాణం

బంగాళాదుంప జన్మస్థానం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పెరూ, బొలీవియా దేశాల మధ్యనున్న టిటికాకా సరస్సు పరిసరాలలో సుమారు 8,000 సంవత్సరాల క్రిందటనే మానవుడు దీనిని సాగు చేయనారంభించినాడు. 1530 తరువాత ఆ ప్రాంతాన్ని జయించిన స్పెయిన్ దేశస్థులు ఈ దుంపను చూచినారు. 1567లో ఆఫ్రికా తీరాన ఉన్న కానరీ దీవులనుండి దుంపలు ఓడలో ఎగుమతి అయినట్లు లెక్కలు దొరికినవి. 1573లో స్పెయిన్‌లోని సెవిల్ నగరపు ఆసుపత్రి ఒకటి దుంపలను కొన్నట్లు దాని ఖాతాలలో ఉన్నది.

ఐరోపాలో దీనిని శాస్త్రీయంగా వర్ణించి ప్రచారం చేసినవారిలో కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. ఆయనకు 1588లో వియన్నాలో ఉన్నప్పుడు రెండు దుంపలు అందినవి. 1593లో ఆయన హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయానికి వచ్చి వృక్షోద్యానాన్ని నెలకొల్పినాడు. 1601లో ప్రచురించిన గ్రంథంలో బంగాళాదుంప మొక్కను వివరించినాడు.

భారతదేశానికి ఈ దుంపను తెచ్చినవారు పోర్చుగీసువారు. మన భాషలో దీనికి వచ్చిన పేర్లే దీని రాక మార్గాలను చెప్పుతున్నవి. కోస్తా జిల్లాలవారు బంగాళాదుంప అంటారు. బంగాళం వైపునుండి వచ్చిన దుంప అని దాని అర్థం. తెలంగాణలో హిందూస్తానీ మాటను కలుపుకొని ఆలుగడ్డ అన్నారు. రాయలసీమలో తమిళ సంబంధం వల్ల ఉర్లగడ్డ అయినది. ఒకే దుంపకు మూడు దిక్కుల పేర్లు నిలిచినవి.

లైడెన్ నగరపు కుండ

క్లూసియస్ వచ్చి చేరిన లైడెన్ నగరానికి మన కథలో మరొక స్థానం కూడ ఉన్నది. 1573, 1574 సంవత్సరాలలో స్పెయిన్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించినది. లోపలి ప్రజలు వేలకొలది ఆకలితో, అంటువ్యాధులతో మరణించినారు. చివరకు డచ్చివారు తమ సముద్రపు కట్టలను తామే తెంపి, పొలాల మీదికి నీరు వదలి, పడవల మీద నగరాన్ని చేరినారు. నీరు పెరుగుట చూచి స్పెయిన్ సైనికులు రాత్రికి రాత్రి పారిపోయినారు. 1574 అక్టోబరు 3వ తేదీన ముట్టడి ముగిసినది.

ఆనాడు ఒక బాలుడు శత్రువుల శిబిరంలోకి వెళ్ళగా, వారు వదలిపోయిన కుండలో ఇంకా వెచ్చగా ఉన్న కూర కనిపించినదని ఐతిహ్యం. క్యారెట్లు, ఉల్లిపాయలు, పార్స్నిప్ అనే తెల్లని వేరుదుంపలు, మాంసం కలిపి వండిన ఆ కూరకు హుట్స్‌పాట్ అని పేరు. నాటినుండి నేటివరకు ప్రతి సంవత్సరం అక్టోబరు 3వ తేదీన లైడెన్ ప్రజలు ఈ వంటకం తిని విమోచన దినాన్ని జరుపుకొంటున్నారు.

ఈ హుట్స్‌పాట్ నేడు బంగాళాదుంప, క్యారెట్టు, ఉల్లి కలిపి మెదిపిన ముద్ద. కాని 1574నాటి కుండలో బంగాళాదుంప ఉండడానికి వీలులేదు. అప్పటికి హాలెండు ప్రజలు దానిని ఎరుగరు. 18వ శతాబ్దంలో దుంప సాగు వ్యాపించిన తరువాతనే అది ఈ కుండలోనికి ప్రవేశించి, పార్స్నిప్ స్థానాన్ని ఆక్రమించినది. అనగా ఇక్కడ కూరగాయలు దుంపలో వచ్చి కలియలేదు. ముందునుండి ఉన్న కూరగాయలలోనికి దుంపే వచ్చి చేరినది. ఐరోపా పల్లెలలో వేరుకూరలను, ఆకుకూరలను ఒకే కుండలో ఉడికించి మెదిపే అలవాటు చాల పాతది. తక్కువ భూమిలో ఎక్కువ కడుపులు నింపగల బంగాళాదుంప రాగానే ఆ కుండలో పెద్ద వాటా దానిదే అయినది.

వెన్న కలిపిన ముద్ద

పేదల ముద్ద ఇట్లా ఉండగా, కలిగినవారి ఇండ్లలో ముద్ద మరొక రూపం దాల్చినది. 1747లో లండనులో హన్నా గ్లాస్ అనే ఆమె వ్రాసిన వంటల పుస్తకం వెలువడినది. ఇంగ్లీషు భాషలో చిరకాలం ప్రచారంలో ఉన్న గ్రంథమిది. అందులో మెదిపిన దుంపలకు ఇచ్చిన పాళ్ళు ఇవి: దుంపలు రెండు పౌన్లు, పాలు ఒక పైంటు, వెన్న పావు పౌను, కొద్దిగా ఉప్పు.

ఈ పాళ్ళను విద్యార్థులు నేటి లెక్కలలోకి మార్చి చూచినచో ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. రెండు పౌన్ల దుంపలనగా సుమారు 900 గ్రాములు. ఉడికిన దుంప 100 గ్రాములకు సుమారు 86 కేలరీల శక్తి ఇస్తుంది. ఆ లెక్కన దుంపలనుండి వచ్చేది 780 కేలరీలు. పావు పౌను వెన్న 113 గ్రాములు. వెన్న 100 గ్రాములకు సుమారు 717 కేలరీలు కనుక దానినుండి వచ్చేది 810 కేలరీలు. పాలు అర లీటరనుకొంటే మరి 315 కేలరీలు. మొత్తం సుమారు 1,900 కేలరీలు.

ఇందులో దుంపల వాటా సగం కూడ లేదు. దుంపల బరువులో ఎనిమిదవ వంతు మాత్రమే ఉన్న వెన్న, దుంపలన్నిటికంటె ఎక్కువ శక్తిని తెచ్చినది. బంగాళాదుంప తింటే లావెక్కుతారని నేడు దుంప మీద మోపే నిందలో పెద్ద భాగం నిజానికి వెన్నకు, వేపుడు నూనెకు చెందవలసినది. నీటిలో ఉడికిన దుంపలో నూటికి సుమారు 77 పాళ్ళు నీరే. అందులో క్రొవ్వు దాదాపు లేదు.

ఐర్లండు పండుగ వంట

ఇప్పుడు ఐర్లండుకు రావలెను. వేల్సు దేశంలోని ఆంగ్లెసీ ద్వీపానికి చెందిన విలియం బల్కిలీ అనే భూస్వామి దినచర్య వ్రాసుకొనేవాడు. 1735 అక్టోబరు 31వ తేదీన ఆయన డబ్లిన్ నగరంలో ఒక బంధువు ఇంట భోజనం చేసినాడు. వేయించిన గొర్రె మాంసంతోపాటు, ఉడికిన క్యాబేజీ, బంగాళాదుంప, పార్స్నిప్ మూడూ కలిపిన వంటకమొకటి వడ్డించినారని, ఆ దేశంలో ఆ రాత్రి తప్పక తినే వంటకమిదేనని వ్రాసుకొన్నాడు. ఈ వంటకం నేటికీ కాల్‌కానన్ అనే పేరుతో ఉన్నది. ఐరిష్ భాషలో ఈ పేరుకు తెల్లని తలగల క్యాబేజీ అని అర్థం చెప్పుతారు. అక్టోబరు చివరి రాత్రి పండుగకు దీనిని వండి, ముద్దలో ఉంగరమో నాణెమో దాచి, అది ఎవరి వంతుకు వస్తే వారి భవిష్యత్తు ఫలానా అని చెప్పుకొనే ఆచారం ఉండేది.

ఈ కుటుంబానికి చెందిన వంటకాలు మరికొన్ని ఉన్నవి. ఉల్లికాడలను పాలలో ఉడికించి దుంపలో కలిపితే ఐర్లండులో చాంప్ అంటారు. టర్నిప్ జాతి దుంపను కలిపితే స్కాట్లండు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులలో క్లాప్‌షాట్ అంటారు. క్యాబేజీ కలిపితే స్కాట్లండు దక్షిణ సరిహద్దులలో రంబుల్‌డిథంప్స్ అంటారు. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. దొరికిన దుంప, దొరికిన ఆకు, ఒకే కుండ, పప్పుగుత్తి వంటి ఒక కఱ్ఱ.

ఐర్లండు పచ్చని పచ్చిక బయళ్ళ దేశం. పాడికి, వెన్నకు ప్రసిద్ధి. 18వ శతాబ్దంలో కార్క్ నగరంనుండి వెన్న దూర దేశాలకు ఎగుమతి అయ్యేది. అయినను ఆ వెన్నను చిలికిన కుటుంబాలు దానిని తినలేకపోయినవి. ఆవునుండి వచ్చిన వెన్న, పొలంలో పండిన గోధుమ, దొడ్డిలో పెరిగిన పంది అన్నీ భూస్వామికి కట్టవలసిన కౌలుకు పోయేవి. కుటుంబానికి మిగిలేవి దుంపలు, వెన్న తీసిన మజ్జిగ. పెరటిలో నాలుగు క్యాబేజీ మొక్కలు ఉంటే ముద్దకు రుచి వచ్చేది. ఆ విధంగా వెన్న తగ్గి, ఆకుకూర కలిసిన ముద్ద వారి భోజనమైనది.

కుండలో ఒకే దుంప మిగిలిన కాలం

19వ శతాబ్దారంభానికి పరిస్థితి మరింత విషమించినది. జనాభా పెరిగినది. కౌలుకు దొరికే భూమి తునకలు తునకలైనది. కొద్ది సెంట్ల భూమిలో కుటుంబాన్ని పోషించగల పైరు బంగాళాదుంప తప్ప మరొకటి లేదు. అందులోను సారంలేని నేలలో కూడ విరివిగా పండే లంపర్ అనే ఒకే రకం దేశమంతట వ్యాపించినది. పేద కూలివాడు రోజుకు సుమారు 5 కిలోల దుంపలు తినేవాడు. దుంపలు, మజ్జిగ అతని దేహానికి కావలసిన శక్తిని, మాంసకృత్తులను, విటమిన్ 'సి'ని చాలినంతగా ఇచ్చినవి. ఐర్లండు పేదలు దృఢకాయులుగా ఉండేవారని ఆనాటి యాత్రికులు ఆశ్చర్యపడినారు. కాని ఆ బలమంతా ఒకే మొక్కమీద ఆధారపడి ఉన్నది.

బంగాళాదుంపను విత్తనంతో గాక దుంప ముక్కలతో నాటుతారు. అందువల్ల ఒక రకానికి చెందిన మొక్కలన్నియు ఒకే తల్లి నకళ్ళు. ఒకదానిని చంపగల తెగులు అన్నిటిని చంపగలదు. అట్టి తెగులు అమెరికా ఖండంనుండి ఓడలలో ఐరోపాకు చేరి, 1845 వేసవిలో బెల్జియంలోను, సెప్టెంబరులో ఐర్లండులోను కనిపించినది. ఆకులు నల్లబడి, దుంపలు నేలలోనే క్రుళ్ళి దుర్వాసన కొట్టినవి. 1846లో పంట చాలవరకు నాశనమైనది. దీనికి కారణం బూజు వంటి సూక్ష్మజీవి అని 1846లో మైల్స్ బర్కిలీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వాదించినాడు. తరువాత జర్మనుడైన ఆంటన్ డి బారీ దానిని ప్రయోగపూర్వకంగా నిరూపించి, 1876లో ఫైటాఫ్తొరా అనే పేరు పెట్టినాడు. మొక్కలను నాశనం చేసేది అని ఆ పేరుకు అర్థం. నేటి జీవశాస్త్రం దీనిని నిజమైన శిలీంధ్రంగా కాక, నీటి బూజుల వర్గంలో చేర్చుతున్నది.

కరవు ఫలితాలు జనాభా లెక్కలలో కనిపిస్తున్నవి. 1841లో ఐర్లండు జనాభా సుమారు 81 లక్షల 75 వేలు. 1851లో 65 లక్షల 52 వేలు. సుమారు 10 లక్షలమంది ఆకలితో, జ్వరాలతో మరణించినారు. అంతకు మించినవారు దేశం విడిచి పోయినారు. దుంపలకు బదులు మొక్కజొన్న పిండి మాత్రమే దొరికిన చోట్ల మరొక విషయం వెల్లడి అయినది. ప్రజల చిగుళ్ళు వాచి, రక్తం కారి, స్కర్వీ వ్యాధి వచ్చినది. అంతవరకు వారిని ఆ వ్యాధినుండి కాపాడుతూ వచ్చినది దుంపలేనని ఆ విధంగా తెలిసినది. విటమిన్ 'సి' అనే మాట ఇంకా పుట్టని కాలమది.

ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు పడకూడదు. దుంపముద్దలో క్యాబేజీ కలుపుకొనక పోవడంవల్ల కరవు వచ్చిందని ఎవరూ అనరాదు. కరవు సంవత్సరాలలో కూడ ఐర్లండునుండి ధాన్యం, వెన్న ఓడలలో ఎగుమతి అవుతూనే ఉన్నవి. ఆహారం దేశంలో ఉన్నది, కొనే శక్తి ప్రజలకు లేదు. పంటను చంపినది తెగులు. మనుష్యులను చంపినది మాత్రం కౌలు విధానం, పాలకుల ఉపేక్ష. అయితే పలు కూరలు కలిసిన కుండ ఒక రకమైన భద్రతకు గుర్తు. పెరటిలో నాలుగు రకాలు పెంచుకొనే వెసులుబాటు ఉన్న కుటుంబం కుండలోనే నాలుగు రకాలు ఉంటాయి. ఆ వెసులుబాటు పోయినప్పుడు కుండలో ఒకే దుంప మిగులుతుంది. ఐర్లండులో జరిగినది ఇదే.

యుద్ధకాలంలో తిరిగివచ్చిన ముద్ద

కూరగాయలు కలిపిన ముద్దను ఒక ప్రభుత్వమే ప్రచారం చేసిన కాలం రెండవ ప్రపంచ యుద్ధ కాలం. బ్రిటనుకు ఆహారం సముద్రాల మీదుగా రావలెను. జర్మను జలాంతర్గాములు ఆ ఓడలను ముంచుతున్నవి. 1940 జనవరి 8వ తేదీనుండి వెన్న, పంచదార, పంది మాంసం మీద రేషను పెట్టినారు. మనిషికి వారానికి మొదట ఇచ్చిన వెన్న 4 ఔన్సులు. తరువాత అది 2 ఔన్సులకు కూడ తగ్గినది. హన్నా గ్లాస్ 1747లో ఒక్క గిన్నెడు ముద్దకు వేయమన్న పావు పౌను వెన్న సరిగా 4 ఔన్సులే. ఆమె చెప్పినట్లు ఒక్క పూట ముద్ద చేస్తే ఒక మనిషికి వారమంతటికి, ఆ తరువాత రెండు వారాలకు, వెన్న చెల్లిపోయినట్లే.

1940 ఏప్రిలులో ఆహారమంత్రి అయిన లార్డ్ వూల్టన్ దుంపలను, కూరగాయలను ఎక్కువగా తినుమని ప్రజలకు నచ్చజెప్పే పనికి పూనుకొన్నాడు. ఇవి స్వదేశంలోనే పండేవి. వీటిని ఎంత తింటే గోధుమ తెచ్చే ఓడలు అంత మిగిలేవి. యుద్ధం జరిగినంత కాలం బంగాళాదుంపలకు రేషను లేదు. పొటాటో పీట్ అనే నవ్వు ముఖం దుంప బొమ్మ, డాక్టర్ క్యారెట్ అనే మరొక బొమ్మ ప్రకటనలలో, కరపత్రాలలో కనిపించి ఇల్లాండ్రకు వంటలు చెప్పేవి. సవాయ్ హోటలు ప్రధాన వంటవాడైన లాట్రీ రూపొందించిన ఒక వంటకం మంత్రిగారి పేరుతో వూల్టన్ పై అయినది. 1941లో పత్రికలలో దాని పాళ్ళు ప్రకటించినారు. దుంప, కాలీఫ్లవరు, క్యారెట్టు, టర్నిప్ జాతి దుంప సమపాళ్ళలో ఉడికించి, పైన దుంపముద్దగాని, గోధుమపిండి పొరగాని కప్పి కాల్చే వంటకమది. అందులో మాంసం లేదు. ప్రజలు దీనిని హాస్యాలాడినారు, విసుగుకొన్నారు, కాని తిన్నారు. రెండువందల సంవత్సరాల క్రిందట ఐర్లండు కౌలుదారుని ఇంట లేమి చేయించిన వంటనే ఇక్కడ యుద్ధం చేయించినది.

ముద్ద తేలిక కావడానికి కారణం

యుద్ధం ముగిసి, వెన్న సమృద్ధి అయిన తరువాత పాశ్చాత్య దేశాలకు మరొక సమస్య వచ్చినది. ఆకలికి బదులు స్థూలకాయం. అప్పుడు శాస్త్రజ్ఞుల దృష్టి ఆహారపు శక్తి సాంద్రత మీదికి మళ్ళినది. ఒక గ్రాము ఆహారంలో ఎన్ని కేలరీలున్నవో అదే దాని శక్తి సాంద్రత. నీరు, పీచు ఎక్కువగా ఉన్న ఆహారంలో ఇది తక్కువ. క్రొవ్వు ఉన్న ఆహారంలో ఎక్కువ.

మనిషి ఒక పూట తినేటప్పుడు కేలరీలను లెక్కించి తినడు. పళ్ళెంలోని పరిమాణాన్ని, కడుపు నిండిన భావాన్ని బట్టి తింటాడు. ఈ విషయం మీద అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్, ఆమె సహచరులు అనేక ప్రయోగాలు చేసినారు. 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో వారు సాధారణ వంటకాలలో క్యారెట్టు, కాలీఫ్లవరు వంటి కూరగాయల గుజ్జు కలిపి వడ్డించినారు. తిన్నవారు దాదాపు ఎప్పటి బరువే తిన్నారు. ఆకలి మిగిలిందని చెప్పలేదు. కాని వారి శరీరంలోకి చేరిన కేలరీలు తగ్గినవి, తిన్న కూరగాయలు పెరిగినవి.

ఇప్పుడు పైన వేసిన లెక్కను మరల వేయవచ్చును. గ్లాస్ చెప్పిన ముద్ద మొత్తం బరువు సుమారు 1,535 గ్రాములు, శక్తి సుమారు 1,900 కేలరీలు. అనగా 100 గ్రాములకు 124 కేలరీలు. దానికి బదులు దుంపలు 450 గ్రాములు, ఉడికిన కాలీఫ్లవరు 450 గ్రాములు, వెన్న 25 గ్రాములు, పాలు 100 గ్రాములు తీసికొన్నామనుకొందాము. దుంపలనుండి 390, కాలీఫ్లవరునుండి 105, వెన్ననుండి 180, పాలనుండి 60, మొత్తం 735 కేలరీలు. బరువు 1,025 గ్రాములు. 100 గ్రాములకు సుమారు 72 కేలరీలు. పళ్ళెంలో ముద్ద అంతే ఉంటుంది, శక్తి మాత్రం ఐదింట మూడు వంతులకు దిగినది.

వెన్నను పూర్తిగా తీసివేయడం మాత్రం మంచిది కాదు. క్యారెట్టులోను, ముదురు పచ్చని ఆకులలోను ఉండే కెరొటీన్ అనే పదార్థాన్ని మన శరీరం విటమిన్ 'ఎ'గా మార్చుకొంటుంది. తెల్లని బంగాళాదుంపలో కెరొటీన్ అత్యల్పం. కూరగాయలు కలపడంవల్ల ఈ లోటు తీరుతుంది. కాని కెరొటీన్ క్రొవ్వులో కరిగే పదార్థం. భోజనంలో కొంచెమైనా క్రొవ్వు ఉంటేనే అది ప్రేగులలో చక్కగా ఇముడుతుంది. కాల్‌కానన్ ముద్ద మధ్యలో చిన్న గుంట చేసి, అందులో కాసింత వెన్న కరగనిచ్చే ఐరిష్ అలవాటు ఈ విధంగా సార్థకమైనదే.

ముద్ద బంక కాకుండా ఉండుటకు

ముద్ద చేయడంలో కూడ శాస్త్రం ఉన్నది. బంగాళాదుంప కణాలలో పిండి రేణువులు నిండి ఉంటాయి. కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. ఉడికేటప్పుడు సుమారు 60, 70 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఇంకను వేడి చేస్తే పెక్టిన్ కరిగి కణాలు విడివడుతాయి. మెల్లగా మెదిపితే కణాలు పగులక, విడివిడిగా జారి, ముద్ద గుల్లగా ఉంటుంది. యంత్రంలో వేసి గిరగిర త్రిప్పితే కణాలు పగిలి, లోపలి పిండి బయటికి వచ్చి, ముద్ద బంకవలె సాగుతుంది. 1950వ దశకంలో ఫిలడెల్ఫియా సమీపంలోని అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో ఎండు దుంప పొరలను తయారుచేసేటప్పుడు ఈ చిక్కే ఎదురైనది. దుంప ముక్కలను మొదట సుమారు 70 డిగ్రీల వద్ద ఉంచి, చల్లార్చి, తరువాత పూర్తిగా ఉడికించి వారు దీనిని అధిగమించినారు. చల్లారినప్పుడు పిండి గట్టిపడి, మరల సులభంగా కరగదు.

కాలీఫ్లవరులో, క్యాబేజీలో పిండిపదార్థం చాల స్వల్పం, నీరు నూటికి 90 పాళ్ళకు మించి ఉంటుంది. కనుక వాటిని కలిపినప్పుడు బంక తగ్గుతుంది, కాని ముద్ద నీరుకారే ప్రమాదం ఉన్నది. అందుచేత కూరగాయలను నీటిలో ముంచి ఉడికించడంకంటె ఆవిరి మీద ఉడికించి, ఆపైన మూత తీసి కొంతసేపు చెమ్మ ఆరనివ్వవలెను. దీనివల్ల నీటిలో కరిగే విటమిన్ 'సి' కూడ ఎక్కువగా మిగులుతుంది. దుంపను, కాలీఫ్లవరును వేరువేరుగా మెదిపి, చివర కలపడం మేలు.

పాఠశాల ప్రయోగశాలలో దీనిని సులభంగా చూపవచ్చును. ఉడికిన దుంప ముక్క మీద, ఉడికిన కాలీఫ్లవరు ముక్క మీద పలుచని అయొడిన్ ద్రావణం ఒక్కొక్క చుక్క వేయవలెను. దుంప వెంటనే ముదురు నీలంగా మారుతుంది. కాలీఫ్లవరు మీద ఆ నీలం రంగు దాదాపు కనిపించదు. పిండి ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో కంటికి తెలుస్తుంది. ప్రయోగానికి వాడిన ముక్కలను తినరాదు.

మన పళ్ళెం సంగతి

ఈ చరిత్రనుండి మనవారు గ్రహించవలసిన విషయాలు రెండు ఉన్నవి. మొదటిది, పాశ్చాత్యుల భోజనంలో దుంపముద్దే చాలవరకు అన్నం స్థానంలో ఉంటుంది. మనమో అన్నంలోకి దుంప వేపుడు కలుపుకొంటాము. పిండిపదార్థంలోకి పిండిపదార్థం, దాని మీద నూనె. బంగాళాదుంపను మనం కూరగాయ అని పిలుస్తున్నా, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలలో ఆకుకూరలు, ఇతర కూరగాయలు, దుంపలు వేరువేరు వర్గాలు. దుంప కూర చేసిననాడు అందులో మెంతికూరో, క్యారెట్టో, బఠాణీయో చేరితే ఆ వర్గాలు కలిసినట్లవుతుంది.

రెండవది మరింత ముఖ్యం. తేలిక వంటకం అందరికీ మేలు కాదు. కూర్చుండి పనిచేస్తూ శరీరం పెరిగినవారికి శక్తి సాంద్రత తగ్గించడం అవసరం. బరువు చాలని పసిపిల్లల విషయం వేరు. వారి కడుపు చిన్నది, కావలసిన శక్తి ఎక్కువ. అట్టి పిల్లలకు పెట్టే దుంపముద్దలో కూరగాయలతోపాటు నెయ్యి, పాలు ధారాళంగా ఉండవలెను. ఒకే తరగతిలో ఒక బల్లమీద స్థూలకాయుడైన బాలుడు, మరొక బల్లమీద బక్కచిక్కిన బాలుడు కూర్చునే కాలమిది. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం సరికాదని ఉపాధ్యాయులు గుర్తించవలెను.

లైడెన్ కుండలో మాంసం, క్యారెట్టు ఉన్నవి. ఐర్లండు కుండలో క్యాబేజీ, దుంప ఉన్నవి. లంపర్ దుంప ఒక్కటే మిగిలిన కుండ ఎట్టి ముప్పుకు లోనైనదో 1845 చూపినది. లండను కుండలో వెన్న పోయి కాలీఫ్లవరు చేరినది. నేటి కుండలో వెన్న ఉండికూడ కావాలని తగ్గించుకొంటున్నారు. వంటకం ఒకటే అయినా వండినవారి కారణాలు వేరు. తన కుండలో ఏమి వేయవలెనో నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఐర్లండు కౌలుదారునకు లేకపోయినది. అది ఉన్నవారు దానిని తెలివిగా వాడుకొనడమే ఈ చరిత్ర చెప్పే పాఠం.